పన్ను గుంజాలంటే ముందు గుంజ కావాలి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్లిలో పీజీలో ఉంటాను. చిన్నప్పటి నుంచి నావి ఎత్తు పళ్లు, పెదాలు సరిగ్గా కలవవు. ఉద్యోగం వచ్చాక నా డబ్బులతో నేనే క్లిప్పులు వేయించుకున్నాను. తొమ్మిది నెలలైంది. పైన రెండు, కింద రెండు పళ్లు తీశారు. గ్యాపులు చాలావరకు మూసుకుంటున్నాయి గానీ ముందు పళ్లు నేననుకున్నంత లోపలికి పోలేదు. పోయిన నెల డాక్టర్ "పైన రెండు వైపులా ఎముకలోకి చిన్న ఇంప్లాంట్లు, అంటే స్క్రూలు వేద్దాం" అన్నారు. మొదట్లో ఈ మాటే చెప్పలేదు. అమ్మకు ఫోన్‌లో చెబితే "పళ్లు పీకించుకున్నది చాలదా, ఇప్పుడు ఎముకకు మేకులు కొట్టించుకుంటావా" అని ఒకటే ఏడుపు. మా రూమ్మేట్‌కు వేసిన స్క్రూ మూడో వారంలోనే ఊడిపోయింది. అది వేరుకు తగిలితే పన్ను చచ్చిపోతుందా? జీవితాంతం ఉంచుకోవాలా? స్క్రూ లేకుండా కాదా? ఫిబ్రవరిలో నా పెళ్లి, ఇంకా ఆరు నెలలుంది. ఆలోగా అన్నీ అయిపోతాయా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు వద్దు, మారతహళ్లి

సమాధానం: మీ అమ్మగారి మాటతోనే మొదలుపెడతాను. మీ నిద్ర చెడగొట్టింది ఆ "మేకు" అన్న మాటేనని నాకనిపిస్తోంది. మేకును సుత్తితో కొడతారు. దీన్ని కొట్టరు, చేత్తో నెమ్మదిగా తిప్పుతారు. సైజు చెబితే ఆవిడకు సగం భయం పోతుంది. లావు ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర, మహా అయితే రెండు. పొడవు ఆరు నుంచి పన్నెండు. పైన దవడ పళ్ల మధ్య వేసేది మామూలుగా ఎనిమిది మి.మీ. ఉంటుంది. వంటింట్లో బాస్మతి బియ్యం ఉంటే ఒక గింజ అరచేతిలో పెట్టుకుని చూడమనండి. ఇంచుమించు అంతే.

ఇంకో గందరగోళం "ఇంప్లాంట్" అన్న పేరుతో వచ్చింది. మనవాళ్లకు ఇంప్లాంట్ అంటే ఊడిన పన్ను చోట ఎముకలో పాతి, పైన కొత్త పన్ను తొడిగేది. అది దీనికి రెట్టింపు పైన లావు. ఎముక దానికి అతుక్కోవాలని నెలల తరబడి ఆగుతారు, ఏళ్లకేళ్లు ఉండాలనే వేస్తారు. మీకు వేసేది అలా కాదు. పని అయిపోగానే తీసేస్తారు. ఎముక దీనికి గట్టిగా అతుక్కోకపోవడమే మాకు కావాలి, లేకపోతే తీయడం కష్టం. గోడకు బిగించిన స్క్రూ ఎలా నిలుస్తుందో ఇదీ అలాగే, ఎముక పైపొర గట్టిదనం మీద నిలబడుతుంది. మా క్లినిక్కుల్లో దీన్ని మినీ స్క్రూ అనో టాడ్ అనో అంటాం. నేనైతే పేషెంట్ల ముందు ఇంప్లాంట్ అన్న మాటే ఎత్తను. ఆ ఒక్క మాటకే ఎముక భయం, బిల్లు భయం రెండూ పుడతాయి.

ఇక స్క్రూ ఎందుకన్నది. మీరు సీమ వాళ్లు కాబట్టి తేలిగ్గానే చెప్పొచ్చు. దేన్నయినా గుంజాలంటే ముందు ఒక గుంజ కావాలి, అది కదలకూడదు. ఎనుమును కట్టేసిన గుంజే ఊగుతుంటే ఎనుము ఆగదు కదా.

ఇప్పటిదాకా మీ నోట్లో గుంజ పని చేసినవి మీ వెనక దవడ పళ్లే. తాడు లాగే పోటీ ఊహించుకోండి. ముందు ఆరు పళ్లు ఒక జట్టు, వెనక దవడ పళ్లు ఇంకో జట్టు, మధ్యలో పన్ను తీసిన గ్యాపు. ముందు పళ్లు మాత్రమే వెనక్కి రావాలని డాక్టర్ మనసులో ఉంటుంది. పళ్లను లాగే రబ్బరు చైన్‌కు, అదే పవర్ చైన్‌కు, ఆ సంగతి తెలీదు. అది రెండు జట్లనూ ఒకే బలంతో లాగుతుంది. స్కూల్లో బట్టీ పట్టిన న్యూటన్ మూడో సూత్రమే ఇది. దవడ పళ్లకు వేర్లు ఎక్కువ, కాబట్టి తక్కువ జరుగుతాయి. అంతే గానీ జరగకుండా మాత్రం ఉండవు.

లెక్క వేసి చూడండి. తీసిన పన్ను వెడల్పు ఏడు మి.మీ. అనుకుందాం. దవడ పళ్లు మూడు మి.మీ. ముందుకు జరిగితే ముందు పళ్లకు మిగిలింది నాలుగే. గ్యాపు మూసుకుపోయింది, అద్దంలో మూతి మాత్రం అలాగే ఉంది. "గ్యాపులు మూసుకుంటున్నాయి గానీ పళ్లు లోపలికి పోలేదు" అని మీరు రాసింది చదవగానే నాకు తట్టింది ఇదే. మిమ్మల్ని చూడకుండా, ఎక్స్‌రే చూడకుండా ఖాయంగా చెప్పను. అనుమానం మాత్రం అటే. ఈ గ్యాపు ఒక డిపాజిట్ లాంటిది. ఒకసారి దవడ పళ్లు తినేశాక మళ్లీ వెనక్కి రాబట్టడం చాలా కష్టం. అందుకే డాక్టర్ ఇప్పుడు ఈ మాట ఎత్తి ఉంటారు. ఎత్తడం ఆలస్యమైందా అన్నది వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మరి స్క్రూ ఎందుకు కదలదు? పన్ను ఎముకలో సిమెంటు పోసి పాతినట్టు ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మి.మీ. మందంలో సన్నటి నారపొర ఒకటి ఉంటుంది. పన్నును ఒక దిక్కుకు లాగితే ఆ దిక్కున పొర నలిగి అక్కడి ఎముక కరుగుతుంది, రెండో దిక్కున పొర సాగి అక్కడ కొత్త ఎముక పోసుకుంటుంది. పన్ను జరగడమంటే ఇదే, ఎముకలో నెమ్మదిగా దారి చేసుకుంటూ పోవడం. స్క్రూ చుట్టూ ఆ పొర లేదు. నూట యాభై, రెండు వందల గ్రాముల బలంతో లాగితే పళ్లు జరుగుతాయి, స్క్రూ పన్నులా జరిగిపోదు. అసలు చలించదని కూడా అనను. కొందరిలో నెలలు గడిచేసరికి లాగే దిక్కుకు ఒకింత వాలుతుంది. అందుకే వేరుకు మరీ ఆనించి వేయరు.

స్క్రూ లేకుండా కాదా అని అడిగారు. అవుతుంది, అందరికీ స్క్రూ అక్కర్లేదు కూడా. పళ్లు కొంచెమే లోపలికి పోవాల్సిన వాళ్లకు దవడ పళ్లే సరిపోతాయి. ఎక్కువ పోవాల్సిన వాళ్లకు వెనకటి రోజుల్లో హెడ్‌గేర్ పెట్టేవాళ్లు. తల చుట్టూ, మెడ వెనక పట్టీ వేసి, ముందు కమ్మీతో దవడ పళ్లను పట్టి ఉంచేది. రోజుకు పన్నెండు గంటలో పద్నాలుగు గంటలో పెట్టుకోవాలి. ఇరవై ఆరేళ్ల అమ్మాయి అది తగిలించుకుని టీమ్ మీటింగ్‌లో కూర్చుంటుందని నేను నమ్మను. రాత్రి పెట్టుకున్నానని అబద్ధం చెప్పిన పేషెంట్లను మా పెద్దవాళ్లు బోలెడంత మందిని చూశారు. అంగిలికి అడ్డంగా ఒక కమ్మీ వేసి దవడ పళ్లు రెంటినీ కలిపి కట్టే పద్ధతీ ఉంది. అది కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు. స్క్రూ గొప్పతనమల్లా ఒక్కటే, పేషెంట్ మాట వినాల్సిన పని లేదు. ఎముకలో ఉంటుంది, రోజంతా కాపలా కాస్తుంది.

ఇదేదో మీమీద కొత్తగా చేస్తున్న ప్రయోగం అనుకోవద్దు. 1945లోనే గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే ఇద్దరు అమెరికన్లు కుక్కల దవడల్లో లోహపు స్క్రూలు వేసి పళ్లు లాగి చూశారు. నెల రోజులకల్లా అన్నీ వదులై పోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ దాని జోలికి పోలేదు. 1983లో క్రీక్‌మోర్, ఎక్లండ్ ఒక పేషెంట్‌కు ముక్కు కింది ఎముకలో స్క్రూ వేసి, పై ముందు పళ్లను ఆరు మి.మీ. పైకి ఎత్తి చూపించారు. 1997లో జపాన్‌లో కనోమి 1.2 మి.మీ. లావు స్క్రూతో పని జరుగుతుందని రాశాక దారి తెరుచుకుంది. కనోమి కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. ముఖం ఎముకలు విరిగితే ప్లేట్లు బిగించడానికి వాడే చిన్న స్క్రూనే తెచ్చి ఈ పనికి పెట్టాడు. ఆ తర్వాత కొరియా, తైవాన్ డాక్టర్లు దీన్ని రోజువారీ పని చేసేశారు. ఇప్పుడు బెంగళూరులో మామూలు ఆర్థోడాంటిక్ (క్లిప్పులు వేసి పళ్లు సరిచేసే) క్లినిక్‌లో కూడా దీని స్క్రూడ్రైవర్ ఉంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. స్క్రూ వేస్తే ట్రీట్‌మెంట్ తొందరగా అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ డాక్టర్ అలా అన్నారని మీరు రాయలేదు, కానీ ఈ ఊళ్లో ఆ మాట బాగా తిరుగుతోంది. గుంజ గట్టిదైనంత మాత్రాన ఎనుము పరిగెత్తదు. ఎముక కరిగి మళ్లీ కట్టుకునే వేగం మీ ఒంటిది. నెలకు సుమారు ఒక మి.మీ., కొందరికి ఇంకా తక్కువ. స్క్రూ చెప్పేది పన్ను ఏ దిక్కుకు ఎంత దూరం పోవాలన్నదే.

ఇప్పుడు మీ ఫిర్యాదు దగ్గరికి వస్తాను. మొదట ఎందుకు చెప్పలేదన్నది న్యాయమైన ప్రశ్న. మూడు కారణాలు ఉండొచ్చు. మొదటి రోజే అనుకుని మీకు చెప్పకపోయి ఉండొచ్చు, అది తప్పు. లేదా దవడ పళ్లతోనే నెట్టుకొద్దామని మొదలుపెడితే, మధ్యలో అవి అనుకున్నదానికంటే ఎక్కువ జరిగి ఉండొచ్చు. ఇది అందరికీ జరుగుతుంది, నాకూ జరిగింది. కొన్నేళ్ల కింద నేనే ఒక అబ్బాయికి "చూద్దాంలే" అని నాలుగు నెలలు లాగించి, చివరికి స్క్రూలు వేశాను. అప్పటికి రెండు మి.మీ. పోయింది. ఆ అబ్బాయికి తేడా తెలీలేదు, నాకు మాత్రం ఇప్పటికీ తెలుస్తుంది. మూడో కారణం, నవ్వినప్పుడు పై చిగురు ఎక్కువ కనిపిస్తుంటే పళ్లను వెనక్కే కాక కొంచెం పైకీ లాగాలనుకోవడం. స్క్రూ వైరు కంటే పైన ఉంటుంది కాబట్టి ఆ పనికీ వస్తుంది.

మీ కేసులో ఈ మూడింటిలో ఏది నిజమో మీరే తేల్చుకోవచ్చు. ఈసారి అపాయింట్‌మెంట్‌లో "స్క్రూ వేయాలా వద్దా" అని అడగకండి. అలా అడిగితే "వేయాలి" అన్న జవాబే వస్తుంది. "డాక్టర్, ఏ పళ్లు కదలకూడదు? అవి ఇప్పటికే ఎంత కదిలాయి?" అని అడగండి. మొదటి రోజు పక్క నుంచి తీసిన తల ఎక్స్‌రే ఒకటి ఉంటుంది. ఇప్పుడు అలాంటిదే ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. గ్యాపు ఎన్ని మి.మీ. మిగిలింది, ముందు పళ్లు ఇంకా ఎన్ని మి.మీ. పోవాలి అన్న రెండు అంకెలు చెప్పమనండి. గ్యాపు ఐదు మిగిలి, పళ్లు కూడా ఐదు పోవాలంటే దవడ పళ్లు ఒక్క అడుగు కూడా వేయకూడదు, స్క్రూ కావాల్సిందే. ఐదు మిగిలి మూడు పోతే చాలంటే మామూలు పద్ధతే సరిపోవచ్చు. ఈ రెండు అంకెలు చెప్పడానికి విసుక్కునే డాక్టర్ చేత నేనైతే నా పంటికి స్క్రూ వేయించుకోను.

పైన మాత్రమే ఎందుకు, కింద ఎందుకు వద్దన్నారు అని మీకు సందేహం రావచ్చు. కింది దవడ ఎముక దట్టంగా ఉంటుంది, అక్కడి దవడ పళ్లు అంత తేలిగ్గా జరగవు. అందుకే చాలా కేసుల్లో పైన స్క్రూలు పెట్టి, కింద మామూలుగా లాగుతారు. మీ డాక్టర్ రెండే అన్నారంటే అవసరం మేరకే అడుగుతున్నారని నేననుకుంటున్నాను.

డబ్బు సంగతి కూడా మొహమాటపడకుండా అడగండి. ముందు మాట్లాడుకున్న ప్యాకేజీలో స్క్రూలు ఉన్నాయా, వేరా? ఊడితే మళ్లీ వేయడానికి మళ్లీ తీసుకుంటారా? ఇది కాగితం మీద రాయించుకోండి. వేసేది ఎవరో కూడా తెలుసుకోండి. బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్లే ఆర్థోడాంటిస్టులు. కర్ణాటక స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగడం అవమానించడం కాదు. ఇంకా అనుమానం తీరకపోతే ఎక్స్‌రేలు పట్టుకుని, ఒక రోజు సెలవు పెట్టి, కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి పక్కనున్న గవర్నమెంట్ డెంటల్ కాలేజీకి వెళ్లి రండి. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి. కానీ అక్కడ స్క్రూ అమ్ముకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

వేసేటప్పుడు ఏమవుతుందంటే, ముందు నోరు మందు నీళ్లతో పుక్కిలించమంటారు. తర్వాత చిగురుకు కొద్దిగా మత్తు. పళ్లు తీసినప్పుడు ఇచ్చినంత ఇవ్వరు, నాలుగు చుక్కలే. దీనికో కారణం ఉంది. చిగురు మొద్దుబారాలి గానీ పంటి వేరు చుట్టూ ఉన్న నారపొర మొద్దుబారకూడదు. స్క్రూ దారి తప్పి వేరు దగ్గరికి పోతే మీకు చురుక్కుమంటుంది, వెంటనే చెయ్యెత్తుతారు, డాక్టర్ ఆపి వెనక్కి తిప్పి దిశ మారుస్తారు. అంటే ఆ కాసేపు మీ పన్నే డాక్టర్‌కు దారి చెబుతుంది. కాబట్టి "ఇంకొంచెం మత్తు ఇవ్వండి" అని బతిమాలకండి. మామూలుగా తెలిసేది నొప్పి కాదు, ఒత్తిడి. ఎముక మీద ఎవరో వేలు పెట్టి గట్టిగా అదిమినట్టు ఉంటుంది. ఒక్కో స్క్రూకు ఐదు పది నిమిషాలు. సాయంత్రానికి కాస్త సలుపుతుంది. పారాసిటమాల్ చాలు. కొన్ని రకాల నొప్పి మాత్రలు పన్ను జరగడాన్ని కూడా నెమ్మదింపజేస్తాయని మాలో చాలామందిమి పారాసిటమాల్‌నే రాస్తాం. నాలుగు పళ్లు పీకించుకున్న మనిషికి ఇది ఒక లెక్క కాదు. అద్దంలో స్క్రూడ్రైవర్ కనబడకుండా కళ్లు మూసుకోండి, నా పేషెంట్లలో సగం మంది భయపడేది దాన్ని చూసే.

వేరుకు తగిలితే పన్ను చచ్చిపోతుందా? పైన రెండో చిన్న దవడ పన్నుకూ మొదటి పెద్ద దవడ పన్నుకూ మధ్య వేర్ల నడుమ చోటు మూడు మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. అందులో ఒకటిన్నర మి.మీ. స్క్రూ పట్టించాలి. ఇరుకే, దాచను. అందుకే ముందు ఎక్స్‌రే తీస్తారు. తగిలినా చాలాసార్లు అది పైపై గీత. స్క్రూ తీసేస్తే వేరు దాన్ని తనే పూడ్చుకుంటుంది. లోపలి నరం దాకా గుచ్చుకోవడం అరుదు. అలా జరిగితే రూట్ కెనాల్ అవసరం పడొచ్చు. ఈ మాట డాక్టర్ మీకు ముందే చెప్పి సంతకం తీసుకోవాలి.

మీ రూమ్మేట్ సంగతి. ఇలాంటి స్క్రూలు వంద వేస్తే ఎనభై ఐదు దాకా నిలబడతాయి. పదిహేను వరకు వదులవుతాయి. చాలావరకు మొదటి వారాల్లోనే, ఆవిడకు జరిగినట్టే. ఊడటమంటే ఎముక పాడైపోయిందని కాదు. పట్టు దొరకలేదంతే. పక్కన ఇంకో చోటో, మానాక అదే చోటో మళ్లీ వేస్తారు. కారణాలు కొన్ని డాక్టర్ చేతిలో ఉంటాయి, వేరుకు మరీ దగ్గరగా వేయడం, గట్టిగా అతుక్కున్న చిగురు వదిలి బుగ్గతో పాటు కదిలే మెత్తటి చోట వేయడం లాంటివి. కొన్ని ఎవరి చేతిలోనూ ఉండవు. కొందరి ఎముక పైపొరే పలచన. కొన్ని మీ చేతిలో ఉంటాయి. స్క్రూ చుట్టూ పాచి పేరుకుని చిగురు ఉబ్బితే అది వదులవడానికి పెద్దగా టైం పట్టదు. సిగరెట్ కూడా అంతే. ఇంకా నాలుకతో తడమడం. కోడ్ రన్ అయ్యేదాకా ఊరికే కూర్చుని నాలుకతో స్క్రూను అటూ ఇటూ నెట్టే ఇంజనీర్లు ఈ ఊళ్లో ఎంతమందో నాకు తెలుసు.

కాబట్టి మెత్తటి కుచ్చుల బ్రష్, వైర్ల మధ్యకు పోయే బుల్లి బ్రష్ ఒకటి కొనుక్కోండి. స్క్రూ తల చుట్టూ నెమ్మదిగా, రోజుకు రెండుసార్లు. డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే చెప్పినన్ని రోజులే వాడండి, ఎక్కువ రోజులు వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. తర్వాత ఉప్పు నీళ్లు చాలు. బుగ్గకు గీసుకుంటుంటే క్లిప్పులకిచ్చే మైనమే దానికీ అద్దండి. తిండి విషయంలో మీరు అదృష్టవంతులు. రాగి సంగటి, పప్పు, ఉగ్గాని, అన్నీ మెత్తనివే. ఉగ్గానితో బజ్జీ కూడా ఫర్వాలేదు. జంతికలు, చెరకు, చికెన్ ఎముక నమలడం, మంచు ముక్కలు కొరకడం మాత్రం మానండి. ఇది స్క్రూకంటే క్లిప్పులకే ఎక్కువ ముఖ్యం.

స్క్రూ కదులుతున్నట్టు అనిపిస్తే వేలితో తిప్పి బిగించే ప్రయత్నం చేయొద్దు. ఫోన్ చేసి వెళ్లండి. పూర్తిగా బయటికి వస్తే కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. పొరపాటున మింగితే కంగారు పడకుండా డాక్టర్‌కు చెప్పండి, ఎక్కువగా అది దాని దారిన పోతుంది. దగ్గు, ఆయాసం మొదలైతే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

షుగర్ అదుపులో లేనివాళ్లు, ఎముకలు గుల్లబారకుండా మందులు వాడేవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, దవడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు ముందే చెప్పాలి. మీరలాంటివేమీ రాయలేదు కాబట్టి వదిలేస్తున్నాను. ఎంఆర్ఐ తీయాల్సి వస్తే అక్కడి టెక్నీషియన్‌కు చెబితే చాలు.

స్క్రూ వేశాక కూడా గమనించాల్సింది ఒకటుంది. స్క్రూ నుంచి వైరుకు చైన్ ఎక్కడ తగిలించారన్నది ముఖ్యం. వైరు మీద కొక్కెం మరీ కిందుగా ఉంటే పళ్లు వేర్లతో సహా వెనక్కి పోవు, మొనలే లోపలికి వాలిపోతాయి. ఎత్తు పళ్లు పోయి పడుకున్న పళ్లు వస్తాయి. అది చూసుకోవాల్సింది డాక్టరే, కానీ అద్దంలో పక్క నుంచి చూసుకుంటే మీకూ తెలుస్తుంది. ఫోన్‌లో నెలకో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంకోటి, పళ్లు ఎక్కువ దూరం లాగినప్పుడు కొందరికి వేర్ల చివర్లు కాస్త అరిగి పొట్టివవుతాయి. నాలుగైదు నెలలకు ఒకసారి ఎక్స్‌రే అడగండి. రబ్బరు చైన్ పెట్టిన మొదటి రోజే దాదాపు సగం పట్టు కోల్పోతుంది, కాబట్టి నెల నెలా మార్చే అపాయింట్‌మెంట్లు ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ చూసి ఎగ్గొట్టకండి. స్ప్రింగ్ వేస్తే ఆ బాధ కొంచెం తక్కువ.

పెళ్లి. నా అంచనా సూటిగా చెబుతాను. గ్యాపు నాలుగు మి.మీ. మిగిలి ఉందనుకున్నా మూయడానికే నాలుగైదు నెలలు. తర్వాత కాట్లు కలిపి, పళ్లు నిలువుగా సర్ది, ముగించడానికి ఇంకో ఐదారు నెలలు. ఫిబ్రవరికి క్లిప్పులు పూర్తిగా తీయడం కుదరదనే అనుకోండి. పెళ్లి కోసం తొందరపెట్టి ముందే తీయించుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా మళ్లీ నా దగ్గరికి వచ్చారు. అప్పుడు రెండో బిల్లు. కావాలంటే పెళ్లి వారం ఉందనగా ముందు పళ్ల మీది క్లిప్పులు మాత్రం తీసి, తర్వాత మళ్లీ అతికించమని అడగొచ్చు. కొందరు డాక్టర్లు చేస్తారు, దానికి ఖర్చు, ఒకటి రెండు నెలల ఆలస్యం ఒప్పుకోవాలి. స్క్రూలతో బాధే లేదు. అవి వెనక దవడ పళ్ల పైన ఉంటాయి, నవ్వినా ఫొటోలో పడవు. పెళ్లికి ఊరెళ్లే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించి, చైన్ కొత్తది వేయించుకుని, మైనం డబ్బా హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకోండి. స్క్రూలు వేసింది ఎప్పుడు, ఎక్కడ అన్నది ఒక చీటీ మీద రాయించుకుంటే, ప్రొద్దుటూరులో ఏదన్నా అయినా అక్కడి డాక్టర్‌కు పని తేలికవుతుంది.

ఇక జీవితాంతం అన్న భయం. గ్యాపు మూసుకుని, పళ్లు నిలబడ్డాక స్క్రూలు తీస్తారు. చాలాసార్లు మత్తు కూడా ఇవ్వం. వేసిన దిక్కుకు ఎదురు దిక్కుకు తిప్పితే నిమిషంలో వచ్చేస్తుంది. చిగురు కొద్ది రోజుల్లో మూసుకుంటుంది, ఎముక లోపల నెమ్మదిగా పూడుకుంటుంది. తీసిన రోజు స్క్రూను చెత్తలో వేయకుండా ఇమ్మని అడిగి తీసుకోండి. మదనపల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి నా దగ్గర అలాగే రెండూ అడిగి తీసుకెళ్లింది. వాళ్లవ్వ కళ్లజోడు పెట్టుకుని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "దీనికా ఇన్ని రోజులు నన్ను ఏడిపించింది" అందట.